లూయీ పాశ్చర్

లూయీ పాశ్చర్ (డిసెంబర్ 27, 1822 – సెప్టెంబర్ 28, 1895) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త, సూక్ష్మజీవ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు. పాలు మొదలైన ద్రవాలు చెడిపోకుండా మితంగా వేడిచేసే పద్ధతి ఈయన పేరు మీదుగా పాశ్చరైజేషన్ అని వాడుకలోకి వచ్చింది. పశువులకు వచ్చే ఆంత్రాక్స్ వ్యాధికి, పిచ్చికుక్క కాటు వలన వచ్చే రేబీస్ వ్యాధికి టీకాలు రూపొందించి ఈయన ప్రపంచఖ్యాతి పొందాడు.

పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించని విషయం ఒకటున్నది. 1868లో, 45 సంవత్సరాల వయసులో, పాశ్చర్ పక్షవాతానికి గురయ్యాడు. ఆయన శరీరం ఎడమభాగం చచ్చుబడింది. ఎడమచేయి ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఎడమకాలు ఈడుస్తూనే మిగిలిన 27 సంవత్సరాలు గడిపాడు. లోకానికి ఆయన పేరు తెలియడానికి కారణమైన టీకాల పరిశోధన అంతా ఈ 27 సంవత్సరాలలోనిదే.

బాల్యం, విద్యాభ్యాసం

పాశ్చర్ తూర్పు ఫ్రాన్సులోని జ్యూరా పర్వతప్రాంతంలో డోల్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జాఁ జోసెఫ్ పాశ్చర్ తోళ్ళు ఊనేవాడు. అంతకు పూర్వం నెపోలియన్ సైన్యంలో పనిచేసి గౌరవపతకం పొందాడు. లూయీ పసివాడుగా ఉన్నప్పుడే ఈ కుటుంబం ఆర్బ్వా అనే చిన్న పట్టణానికి తరలివచ్చింది. పాశ్చర్ జీవితాంతం ఆర్బ్వానే స్వస్థలంగా భావించేవాడు.

బాల్యంలో ఇతడు చదువులో మరీ చురుకైనవాడు కాడు. బొమ్మలు గీయడంలో మాత్రం నేర్పరి. తల్లిదండ్రులను, ఇరుగుపొరుగువారిని చూసి ఇతడు రంగుసుద్దలతో గీసిన చిత్రాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1838లో చదువుకోసం పారిస్ వెళ్ళి, ఇంటిమీద బెంగతో కొద్ది వారాలకే తిరిగివచ్చాడు. 1843లో పారిస్ లోని ఎకోల్ నోర్మాల్ అనే ప్రఖ్యాత విద్యాసంస్థలో చేరాడు.

1848లో టార్టారిక్ ఆమ్లపు లవణాల స్ఫటికాలలో, అద్దంలో ప్రతిబింబాల వలె ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండు రకాలు ఉన్నాయని కనుగొన్నాడు. ఆ రెండు రకాల స్ఫటికాలను చిన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి వేరుచేశాడు. చేతివేళ్ళ నైపుణ్యం మీద ఆధారపడిన పని అది. ఆ నైపుణ్యం ఉన్న మనిషికి ఒక చేయి పడిపోవడం ఎంత నష్టమో ఇరవై ఏళ్ళ తరువాత తెలియవలసి వచ్చింది.

వివాహం, తొలి పరిశోధనలు

1849లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నప్పుడు, ఆ విశ్వవిద్యాలయ అధిపతి కుమార్తె మరీ లోరాన్‌ను వివాహం చేసుకొన్నాడు. వీరికి ఐదుగురు సంతానం. వారిలో ముగ్గురు ఆడపిల్లలు చిన్నతనంలోనే మరణించారు. 1859లో పెద్దకుమార్తె జాన్, 1866లో సెసీల్ టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు. 1865లో రెండేళ్ళ కామీ కన్నుమూసింది. అదే సంవత్సరం పాశ్చర్ తండ్రి కూడా మరణించాడు.

1854లో లీల్ నగరంలో విజ్ఞానశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ పులియబెట్టే ప్రక్రియపై దృష్టి సారించి, పులియడం కేవలం రసాయనిక చర్య కాదనీ, జీవంగల సూక్ష్మజీవుల వలన జరుగుతుందనీ నిరూపించాడు. 1857లో ఎకోల్ నోర్మాల్‌కు విజ్ఞానశాస్త్ర విద్యా సంచాలకుడుగా తిరిగివచ్చాడు. హంస మెడవలె వంగిన గొట్టం గల కూజాలతో ప్రయోగాలు చేసి, జీవం దానంతట అదే పుట్టుకొస్తుందన్న వాదాన్ని ఖండించాడు.

1865లో తన గురువు, రసాయన శాస్త్రవేత్త జాఁ బాప్టిస్ట్ ద్యుమా కోరికపై పట్టుపురుగుల తెగులు సమస్యను చేపట్టాడు. దక్షిణ ఫ్రాన్సులో పట్టుపరిశ్రమ అప్పటికి కుప్పకూలే దశలో ఉన్నది. 1853లో 2 కోట్ల 60 లక్షల కిలోలు ఉన్న పట్టుగూళ్ళ ఉత్పత్తి 1865 నాటికి 40 లక్షల కిలోలకు పడిపోయింది. పాశ్చర్ అంతకుముందు పట్టుపురుగును తాకి ఎరుగడు. ఏటా వసంతకాలంలో అలెస్ పట్టణానికి వెళ్ళి, పురుగులు పెంచుతూ, సూక్ష్మదర్శినితో పరీక్షిస్తూ గడిపేవాడు. భార్య, మిగిలిన కుమార్తె మరీ లూయీస్, శిష్యులు జెర్నే, డ్యుక్లో, రోలాన్, మాయో ఈ పనిలో పాలుపంచుకొన్నారు. ఒకటి కాదు రెండు తెగుళ్ళు ఉన్నాయని ఆయన గ్రహించాడు. మొదటిది పెబ్రిన్, రెండవది ఫ్లాషెరీ. మూడు సంవత్సరాల వ్యవధిలో తండ్రినీ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకొన్న దుఃఖం ఒకవైపు, పట్టురైతుల ఒత్తిడి ఒకవైపు, విమర్శకులతో వాదప్రతివాదాలు మరొకవైపు ఉండగా ఆయన విశ్రాంతి లేకుండా పనిచేశాడు.

పక్షవాతం

1868 అక్టోబర్ 19, సోమవారం. ఉదయం నుండే పాశ్చర్‌కు ఎడమవైపు అంతా తిమ్మిరిగా, చీమలు పాకుతున్నట్లుగా అనిపించింది. ఆనాడు విజ్ఞాన అకాడమీ సమావేశంలో ఇటలీకి చెందిన ఒక పట్టుపురుగుల నిపుణుని వ్యాసం చదివి వినిపించవలసి ఉంది. భార్య వద్దన్నా వినక బయలుదేరాడు. ఆమెకు మనసు ఊరుకోక అకాడమీ గుమ్మం వరకు వెంట వెళ్ళింది. సమావేశంలో ఎప్పటివలెనే వ్యాసం చదివాడు. తిరుగు దారిలో సహచరులు బలార్, సెంత్ క్లేర్ దెవీల్ తోడుగా నడచి ఇల్లు చేరాడు. రాత్రి భోజనం చేసి తొమ్మిది గంటలకు పడుకొన్నాడు. పడుకొన్న కొద్దిసేపటికే తిమ్మిరి మళ్ళీ మొదలైంది. మాట్లాడబోతే మాట రాలేదు. కొన్ని నిమిషాల తరువాత గొంతు పెగిలి ఇంట్లోవారిని పిలువగలిగాడు.

పక్షవాతం ఒక్కసారిగా కాక విడతలు విడతలుగా వచ్చింది. మధ్యమధ్య చేయి కదిలేది, మళ్ళీ పడిపోయేది. ఇరవైనాలుగు గంటలు గడిచేసరికి ఎడమభాగం పూర్తిగా చచ్చుబడింది. మెదడులో రక్తస్రావం జరిగిందని వైద్యులు నిర్ణయించారు. మెదడు కుడిభాగం శరీరపు ఎడమవైపును శాసిస్తుంది కాబట్టి దెబ్బ కుడివైపు తగిలిందన్నమాట. మాటకు సంబంధించిన కేంద్రం చాలామందిలో మెదడు ఎడమభాగంలో ఉంటుందని అదే పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు అంతకు కొద్ది సంవత్సరాల ముందే ప్రకటించి ఉన్నాడు. పాశ్చర్ విషయంలో ఎడమభాగం చెడలేదు. ఆయన మాట, చదువు, వ్రాసే కుడిచేయి, ఆలోచన నిలబడ్డాయి. ఆయన మిగిలిన జీవితమంతా ఈ అదృష్టం మీదనే నడిచింది.

ఆనాటి వైద్యం

నేటి వైద్యునికి ఆనాటి చికిత్స వింతగా తోస్తుంది. గోదెలియే, ఆండ్రాల్, గ్వెనో ద ముస్సీ వంటి పేరుపొందిన వైద్యులు వచ్చి చూశారు. ఆండ్రాల్ సలహా ప్రకారం చెవుల వెనుక 16 జలగలను పట్టించి రక్తం తీశారు. అంతకు మించి వారి చేతిలో ఉన్నది లేదు. మెదడులోపల ఏమి జరిగిందో చూపే యంత్రాలు లేవు. నరం చిట్లిందా, గడ్డ అడ్డుపడిందా అన్నది లక్షణాలను బట్టి ఊహించుకోవలసిందే. పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనం కూడా 1896లోగాని, అనగా పాశ్చర్ మరణానంతరం గాని, రాలేదు. కనుక ఆయనకు రక్తపోటు ఎంత ఉండేదో తెలిసే అవకాశం లేదు. పక్షవాత రోగికి పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించి కాలుచేతులకు పని నేర్పే విద్య కూడా ఆనాటికి రూపుదిద్దుకోలేదు.

లోటు లేనిది పరిచర్య ఒక్కటే. శిష్యులు, సహోద్యోగులు వంతులు వేసుకొని రాత్రింబవళ్ళు మంచం పక్కన కూర్చున్నారు. చక్రవర్తి మూడవ నెపోలియన్ ప్రతిదినం సేవకుని పంపి ఆరోగ్యం కనుక్కొనేవాడు.

వారం తిరగకుండానే ఒక రాత్రి పాశ్చర్ తన పక్కన ఉన్న జెర్నేను వ్రాసుకోమని చెప్పి, ఫ్లాషెరీ తెగులుకు లోనయ్యే గుడ్లను ముందుగానే గుర్తించే పద్ధతిపై ఒక వ్యాసం చెప్పసాగాడు. జెర్నే దానిని వ్రాసుకొన్నాడు. అక్టోబర్ 26న ద్యుమా దానిని అకాడమీలో సమర్పించాడు. పక్షవాతం వచ్చి సరిగా ఏడు రోజులు.

అయినా ఆయన బ్రతుకుతాడని అందరూ నమ్మలేదు. ఆ సంవత్సరమే చక్రవర్తి అనుమతితో ఎకోల్ నోర్మాల్ ఆవరణలో పాశ్చర్ కోసం కొత్త ప్రయోగశాల నిర్మాణం ప్రారంభమైంది. ఆయన మంచాన పడగానే పనివారు రావడం మానివేశారు. చనిపోబోయే మనిషికోసం ప్రయోగశాల ఎందుకని అధికారులు తలచారు. పనులు ఆగిన సంగతి రోగికి తెలిసి ఎంతో నొచ్చుకొన్నాడు. ఈ విషయం ఫావే అనే సేనాధికారి ద్వారా చక్రవర్తికి చేరింది. చక్రవర్తి విద్యామంత్రికి వ్రాయగా పనులు మళ్ళీ మొదలయ్యాయి. రోగి కోలుకోవడానికి జలగలకంటె ఇదే ఎక్కువ పనిచేసిందని అనుకొంటే తప్పులేదు.

నవంబర్ చివరిలో పాశ్చర్‌ను మొదటిసారి మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి ఆరు వారాలు గడిచాయి. ఇటువంటి రోగిని వీలైనంత త్వరగా కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించాలని నేటి వైద్యులు చెపుతారు. ఆనాటి నమ్మకం దీనికి విరుద్ధం. కదలకుండా పడుకోవడమే వైద్యమనుకొనేవారు.

కోలుకొన్న విధం

1869 జనవరి 18న, పక్షవాతం వచ్చి మూడు నెలలు నిండీ నిండకముందే, పాశ్చర్ పారిస్ నుండి దక్షిణానికి ప్రయాణమయ్యాడు. అప్పటికి సరిగా నిలబడలేడు. రైలులో పడుకొని వెళ్ళే ఏర్పాటు చేశారు. భార్య, కుమార్తె, జెర్నే వెంట ఉన్నారు. అలెస్‌కు సమీపంలోని సెంట్ ఇప్పోలీట్ ద్యు ఫోర్ అనే ఊరిలో అంతగా సౌకర్యాలు లేని ఒక ఇంట్లో దిగారు. ఆయన కుర్చీలోనో మంచంమీదనో ఉండి పనులు పురమాయించేవాడు. శిష్యులు సూక్ష్మదర్శినిలో చూసినది వచ్చి చెప్పేవారు. ఆయన విని, అనుమానం తోచినచోట మళ్ళీ చూడమనేవాడు.

ఆ వసంతంలోనే లియాన్ నగరపు పట్టువర్తకుల సంఘం ఆయన పద్ధతిని పరీక్షించదలచి ఆరోగ్యమైన గుడ్లు పంపమని కోరింది. పాశ్చర్ ఆరోగ్యమైన గుడ్లతోపాటు తెగులు గుడ్లను కూడా పంపి, ఏ గుడ్లనుండి పుట్టిన పురుగులకు ఏ తెగులు వస్తుందో ముందుగానే వ్రాసి ఇచ్చాడు. అంతా ఆయన వ్రాసినట్లే జరిగింది.

1869 నవంబర్‌లో మార్షల్ వాయాఁ చొరవతో, ట్రియెస్ట్ సమీపంలో యువరాజుకు చెందిన విల్లా విసెంటీనా అనే ఎస్టేటుకు వెళ్ళి 1870 జులై వరకు అక్కడ ఉన్నాడు. విశాలమైన తోటలు, ఎండ, నెమ్మదైన జీవితం ఆయనకు మేలుచేశాయి. కొద్దికొద్దిగా నడక కుదిరింది. పట్టుపురుగుల తెగుళ్ళపై రెండు సంపుటాల గ్రంథాన్ని ఇక్కడనే పూర్తిచేశాడు. ఆయన చెప్పుచుండగా భార్య వ్రాసిపెట్టింది. ఆయన ఎంచి ఇచ్చిన గుడ్ల వలన ఆ ఎస్టేటులో పదేళ్ళ తరువాత మొదటిసారి పట్టుపంటలో లాభం కనిపించింది. ఆ గ్రంథం 1870లో వెలువడింది.

పాశ్చర్ సూచించిన పద్ధతి చాలా సులువైనది. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి, ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. పెబ్రిన్ కణాలు కనిపిస్తే ఆ గుడ్లను తగులబెట్టాలి, లేకుంటే పెంపకానికి ఉంచాలి. హిందూపురం, మదనపల్లె వంటి ప్రాంతాలలో మల్బరీ సాగుచేసే రైతులకు అందే పట్టుగుడ్ల తయారీలోనూ తల్లి చిలుకల పరీక్ష ముఖ్యమైన భాగం. మంచంమీద నుండి పూర్తిచేసిన పరిశోధన ఈ విధంగా రాయలసీమ వరకు వచ్చింది.

కోలుకోవడమంటే పూర్వస్థితికి రావడం కాదు. ఆయన ఎడమచేతి వేళ్ళు ముడుచుకొనే ఉండేవి. నడిచేటప్పుడు ఎడమకాలు ఈడ్చేవాడు. గాజు గొట్టాలను రెండు చేతులతో పట్టుకొని మంటపై సాగదీయడం, జంతువును ఒకచేత పట్టి మరొకచేత సూది గుచ్చడం వంటి పనులు ఇక స్వయంగా చేయలేడు.

యుద్ధకాలం

1870 జులైలో ఫ్రాన్సు, ప్రష్యా దేశాల మధ్య యుద్ధం మొదలైంది. స్వచ్ఛంద సైనికదళంలో చేరాలని పాశ్చర్ ఆరాటపడ్డాడు. సగం శరీరం స్వాధీనంలో లేని మనిషి సైన్యానికి పనికిరాడని మిత్రులు నచ్చజెప్పి ఆర్బ్వాకు పంపారు. ఒక్కగానొక్క కొడుకు జాఁ బాప్టిస్ట్ మాత్రం సైన్యంలో చేరాడు. 1871 జనవరిలో అతడున్న సేన ఓడి, స్విట్జర్లాండు సరిహద్దువైపు చెదరిపోతున్నదని తెలిసింది. కొడుకు జాడ తెలియక పాశ్చర్ భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని ఒక పాత గుర్రపు బండిలో మంచు కప్పిన కొండదారుల వెంట పోంటార్లియే వైపు బయలుదేరాడు. గాయపడినవారితో, ఆకలితో నకనకలాడే సైనికులతో ఆ ఊరు నిండి ఉన్నది. కొడుకు దళంలో 1200 మందికిగాను 300 మంది మాత్రమే మిగిలారని అక్కడ తెలిసింది. చివరకు కొడుకు సజీవంగానే కనిపించాడు. కాలు ఈడ్చే మనిషికి, అందులోనూ పక్షవాతం వచ్చి రెండేళ్ళు తిరిగిన మనిషికి, ఆ ప్రయాణం ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

అదే నెలలో ఆయన జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం తనకిచ్చిన గౌరవ వైద్యపట్టాను తిరిగి పంపించివేశాడు.

ఇతరుల చేతులతో ప్రయోగాలు

యుద్ధానంతరం పాశ్చర్ బీరు తయారీపై పరిశోధన చేసి 1876లో గ్రంథం ప్రకటించాడు. ఆరోగ్యకారణాల వలన సోర్బాన్‌లో బోధన వదులుకొన్నాడు. ఫ్రాన్సు జాతీయ శాసనసభ 1874లో ఆయనకు ఏటా 12,000 ఫ్రాంకుల జీవనభృతి మంజూరు చేసింది. 1883లో దీనిని 25,000 ఫ్రాంకులకు పెంచారు. రోగి చికిత్సతోపాటు జీతబత్తెం కూడా కుటుంబానికి పెద్ద చింతే. ఆ చింత పాశ్చర్‌కు తప్పింది. ఇటువంటి అవకాశం ఆ కాలంలో వేలాది పక్షవాత రోగులలో ఏ ఒక్కరికో దక్కి ఉంటుంది.

1877లో ఆంత్రాక్స్ వ్యాధిపై పని మొదలుపెట్టాడు. ఇక్కడినుండి ఆయన ప్రయోగశాలలో చేతులు ఇతరులవి. వైద్యుడైన ఎమిలీ రూ, భౌతికశాస్త్రం చదివిన షార్ల్ షాంబర్లాన్, యువకుడు లూయీ త్విలియే ప్రధాన సహాయకులు. త్విలియే 1883లో కలరా పరిశోధనకు ఈజిప్టు వెళ్ళి అలెగ్జాండ్రియాలో అదే వ్యాధితో మరణించాడు. భార్య వైపు బంధువైన ఆద్రియన్ ల్వార్ అనే యువకుడు 1880వ దశకంలో ఆయనకు ఎడమచేయివంటి వాడయ్యాడు. పాశ్చర్ పక్కన నిలబడి చెప్పేవాడు, చూసేవాడు, కుడిచేతితో తన నోటుపుస్తకంలో వ్రాసుకొనేవాడు. వ్రాసేపని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఆయన నోటుపుస్తకాలు వందకు పైగా ఉన్నాయి.

1879–80లో కోళ్ళకు వచ్చే కలరాపై చేసిన ప్రయోగాలలో, పాతబడిన సూక్ష్మజీవుల ద్రవం జబ్బును కలిగించక, జబ్బునుండి కాపాడుతుందని తేలింది. దీనినే ఆంత్రాక్స్‌కు వర్తింపజేశారు. 1881 మే 5న మెలన్ పట్టణ సమీపంలోని పూయీ ల ఫోర్ అనే పల్లెలో బహిరంగ ప్రయోగం ఆరంభమైంది. 24 గొర్రెలకు, ఒక మేకకు, 6 ఆవులకు టీకా వేశారు. మే 17న రెండవసారి టీకా వేసి, మే 31న వాటికీ, టీకా వేయని పశువులకూ బలమైన ఆంత్రాక్స్ సూక్ష్మజీవులను ఎక్కించారు. జూన్ 2న పాశ్చర్ అక్కడికి వెళ్ళేసరికి టీకా వేయని గొర్రెలు దాదాపు అన్నీ చనిపోయి ఉన్నాయి, మిగిలినవి ఆనాడే ప్రజల కళ్ళ ఎదుట కూలిపోయాయి. టీకా వేసినవి మేత మేస్తున్నాయి.

ఈ కీర్తిలో సహాయకుల వాటా ఎంత అన్న ప్రశ్న తరువాత వచ్చింది. పూయీ ల ఫోర్‌లో వాడిన టీకా పాశ్చర్ అకాడమీలో వర్ణించిన పద్ధతిలో గాలి సోకించి బలహీనపరచినది కాదు. పొటాషియం డైక్రోమేట్ అనే రసాయనంతో షాంబర్లాన్ తయారుచేసినది. పాశ్చర్ ఈ సంగతి ఆనాడు బయటపెట్టలేదు. ఆయన మనుమడు నోటుపుస్తకాలను 1964లో ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. వాటిని పరిశీలించిన అమెరికన్ చరిత్రకారుడు జెరాల్డ్ గైసన్ 1995లో ప్రచురించిన గ్రంథంలో దీనిని వివరించాడు. పాశ్చర్ కఠినమైన యజమాని. ప్రయోగశాలలో ఏమి జరుగుతున్నదో బయటివారికి చెప్పనిచ్చేవాడు కాదు. ఇతరుల చేతులపై ఆధారపడిన మనిషి ఆ చేతులకు దక్కవలసిన పేరును సరిగా పంచలేదన్న విమర్శను తోసివేయడం కష్టం.

దైనందిన జీవితంలోనూ ఆయన జాగ్రత్తలు ఎక్కువ. చేతులు పదేపదే కడుక్కొనేవాడు. కరచాలనానికి ఇష్టపడేవాడు కాడు. భోజనానికి ముందు పళ్ళేన్ని, గ్లాసును, రొట్టెను పరిశీలించేవాడు. సాయంత్రం వేళ భార్య వార్తాపత్రిక చదివి వినిపించేది, ఆయన చెప్పే ఉత్తరాలు, వ్యాసాలు వ్రాసిపెట్టేది. కోపం మాత్రం తగ్గలేదు. 1880లో వైద్య అకాడమీలో జరిగిన వాదోపవాదాల తరువాత జూల్ గేరాఁ అనే వృద్ధ శస్త్రవైద్యుడు ఆయనను ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. గేరాఁకు దాదాపు 80 ఏళ్ళు, పాశ్చర్‌కు ఒక చేయి లేదు. తోటి సభ్యులు కల్పించుకొని ఈ విడ్డూరాన్ని ఆపారు.

రేబీస్ టీకా

రేబీస్ పరిశోధన 1880 చివరిలో మొదలైంది. రేబీస్ సోకిన కుందేళ్ళ వెన్నుపామును గాలి తగిలే సీసాలో వ్రేలాడదీసి ఆరబెట్టే విధానం రూ రూపొందించినది. ఎండినకొద్దీ దాని తీవ్రత తగ్గుతుంది.

1885 జులై 6న ఆల్సాస్ ప్రాంతం నుండి జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుని తల్లి పారిస్‌కు తీసుకొనివచ్చింది. రెండు రోజుల క్రితం పిచ్చికుక్క అతనిని అనేకచోట్ల కరచింది. వుల్పియాన్, గ్రాన్షే అనే వైద్యులు పరీక్షించి, చికిత్స చేయకపోతే బాలుడు బ్రతకడని అభిప్రాయపడ్డారు. పాశ్చర్ వైద్యుడు కాడు, సూదిమందు ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఇక్కడ కూడా చేయి మరొకరిదే. గ్రాన్షే 13 సూదిమందులు ఇచ్చాడు. పాశ్చర్ ఆ రాత్రులలో నిద్రపోలేదు. బాలుడు బ్రతికాడు. అక్టోబర్‌లో జ్యుపీల్ అనే గొర్రెలకాపరి కుర్రవానికి చికిత్స జరిగింది. 1886 మార్చి 1 నాటికి 350 మందికి చికిత్స చేయగా ఒకరే మరణించారు.

ఈ విధానం మనదేశానికి 1900లో కసౌలీ ద్వారా, 1907లో నీలగిరులలోని కూనూరు ద్వారా వచ్చింది. కూనూరు పాశ్చర్ సంస్థ మద్రాసు రాజధానిలో ఏర్పడినది కాబట్టి ఆంధ్ర జిల్లాలకూ అదే దిక్కు. మన పెద్దలు చెప్పుకొనే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదిమందులు మాత్రం పాశ్చర్ టీకా కాదు, కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన తరువాతి రకం. దానికి మూలసూత్రం పాశ్చర్‌దే.

రెండవసారి

ఈ కాలంలో పాశ్చర్ శరీరం మళ్ళీ మొరాయించింది. 1886 శరదృతువులో గుండెజబ్బు లక్షణాలు కనిపించాయి. వైద్యుల ఒత్తిడితో ఇటలీ తీరంలోని బోర్డిగేరా వెళ్ళి విశ్రాంతి తీసుకొన్నాడు. అక్కడ 1887 ఫిబ్రవరి 23న భూకంపం రావడంతో కుటుంబమంతా ఆర్బ్వాకు వచ్చివేసింది.

1887 అక్టోబర్ 23న ఉదయం తన గదిలో ఉత్తరం వ్రాసి, భార్యతో ఏదో చెప్పబోగా నాలుక తిరగలేదు. కొన్ని గంటల తరువాత మాట వచ్చింది. కొద్ది రోజులకు మరొకసారి అలాగే జరిగింది. ఈసారి గొంతు బలం తిరిగిరాలేదు. 1868లో చేయి, కాలు పోయినా మాట నిలిచింది. ఇప్పుడు అదీ సన్నగిల్లింది. ప్రయోగశాలలో స్వయంగా పరిశోధన నడపడం దీనితో ముగిసింది.

1888 నవంబర్ 14న పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమైంది. తన ప్రసంగాన్ని తాను చదవలేక కొడుకు చేత చదివించాడు. ఆ సంస్థ ఆవరణలోనే ఆయనకు నివాసం ఏర్పాటు చేశారు. ఎడమచేయి పనిచేయని మనిషి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుడిచేతితో పట్టుకొనేందుకు వీలుగా ఆ ఇంటి మెట్లకు రెండువైపులా చేతిపట్టీలు అమర్చారు. 1936లో ఆ ఇంటిని ప్రదర్శనశాలగా మార్చారు. ఆయన ప్రతి ఉదయం క్రిందికి దిగివచ్చి, టీకాకోసం వచ్చిన రోగుల వరుసను చూసేవాడు. పిల్లలుంటే వారి దగ్గర ఎక్కువసేపు నిలిచేవాడు.

1892 డిసెంబర్ 27న సోర్బాన్‌లో సప్తతి మహోత్సవం జరిగింది. పాశ్చర్ దేశాధ్యక్షుడు సాదీ కార్నో చేయి ఊతగా పట్టుకొని సభలోకి వచ్చాడు. ఇంగ్లండు నుండి శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ వచ్చి అభినందించాడు. ఆనాడు కూడా ప్రసంగం చదివినది కొడుకే.

చివరి రోజులు

1894 నవంబర్ 1న మూత్రపిండాల వ్యాధితో పాశ్చర్ స్పృహ తప్పాడు. రూ ఆధ్వర్యంలో శిష్యులు, శిష్యుల శిష్యులు వంతులు వేసుకొని, 26 సంవత్సరాల క్రితం వలెనే, పగలూ రాత్రీ కాపలా ఉన్నారు. కొంత తేరుకొన్న తరువాత ఆయనను క్రిందికి తీసుకువచ్చి, హాంకాంగ్‌లో యెర్సిన్ కనుగొన్న ప్లేగు సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినిలో చూపించారు.

1895 జూన్‌లో పారిస్ శివారులోని విల్‌నెవ్ లేతాఁ ఎస్టేటుకు మార్చారు. రేబీస్ పరిశోధనకోసం కుక్కలను ఉంచిన స్థలమది. ఎండ తక్కువగా ఉన్న వేళలలో చెట్ల క్రింద కూర్చోబెడితే భార్య, కుమార్తె చదివి వినిపించేవారు. మాట, కదలిక క్రమంగా తగ్గిపోయాయి. సెప్టెంబర్ 28 సాయంత్రం మరణించాడు. అక్టోబర్ 5న నోత్ర్ దామ్ చర్చిలో ప్రభుత్వ లాంఛనాలు జరిగాయి. 1896 జనవరిలో భౌతికకాయాన్ని పాశ్చర్ సంస్థలోని సమాధి మందిరానికి తరలించారు. మరీ పాశ్చర్ 1910లో మరణించగా ఆమెను కూడా అక్కడే సమాధి చేశారు.